పిల్లల దగ్గరికి సింగపూరు పోతున్న నెల్లూరోళ్లకు: రైలు, బస్సు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మన వైపు పిల్లలు సింగపూరులో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ల దగ్గర నాలుగు వారాలు ఉండొద్దామని పోయే అమ్మానాన్నలు బయల్దేరేముందు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. అడిగినవాళ్లందరికీ వాట్సాప్‌లో మళ్లీ మళ్లీ చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. వీసా, సామాను బరువు, పచ్చళ్ల ప్యాకింగు ఇందులో లేవు. ఇల్లు దాటి బయటికి పోయి, మళ్లీ క్షేమంగా ఇల్లు చేరడం గురించే ఇదంతా. మీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా చాలు.

నా మాట ముందే చెప్తున్నా: పిల్లలకు సెలవు దొరికే శనివారం దాకా ఫ్లాట్లో టీవీ ముందు కూర్చోవాల్సిన ఊరు కాదది.

## బయల్దేరే ముందు

మాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇద్దరమే తిరగ్గలమా?

తిరగ్గలరు. అక్కడ రైలెక్కాలన్నా బస్సెక్కాలన్నా నోరు తెరవాల్సిన పనే తక్కువ. కండక్టరు ఉండడు, చిల్లర గొడవ ఉండదు. రైలు లైన్లకు రంగులు, స్టేషన్లకూ బస్సులకూ నంబర్లు. రంగు గుర్తుపట్టి నంబరు చదవగలిగితే సగం పని అయినట్టే. పైగా అక్కడి నాలుగు అధికార భాషల్లో తమిళం ఒకటి. మద్రాసు ఆసుపత్రులకూ చీరల షాపులకూ తిరిగిన మనకు ఆ నాలుగు ముక్కలు ఎట్టాగూ వచ్చు. అందరికీ తమిళం వస్తుందనుకోవద్దు, చైనా మూలాలున్నవాళ్లే ఎక్కువ. దారి తెలియకపోతే స్టేషన్ గేట్ల పక్కన ప్యాసింజర్ సర్వీస్ సెంటర్ ఉంటుంది. అక్కడి సిబ్బందికి మీ ఇంటి చిరునామా చూపిస్తే చాలు, చెయ్యి పెట్టి చూపిస్తారు.

పోయేలోపల ఇక్కడే ఎక్కడన్నా అలవాటు చేసుకోవచ్చా?

మద్రాసు మెట్రో ఉందిగా. ఏదన్నా పని మీద పోయినప్పుడు సెంట్రల్ నుంచి నీలి లైనులో ఎయిర్‌పోర్టు దాకా పోయి రండి. గేటు దగ్గర ఆగడం, కార్డో క్యూఆర్ టికెట్టో చూపించి లోపలికి పోవడం, బయటికొచ్చేటప్పుడు మళ్లీ అదే చేయడం, ఏ ప్లాట్‌ఫారమో బోర్డు చూసి తేల్చుకోవడం, ఎస్కలేటరు మీద కాలు పెట్టడం, అన్నీ అక్కడ అలవాటైపోతాయి. ముఖ్యంగా ఎస్కలేటరంటే భయపడే ఆడవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. సింగపూరులో ఎస్కలేటర్లు మన మాల్స్‌లో వాటికంటే వేగంగా నడుస్తున్నట్టు అనిపిస్తాయి.

నెల్లూరు నుంచి మద్రాసు ఎయిర్‌పోర్టుకు కారే మాట్లాడుకోవాలా?

పెద్ద పెట్టెలు నాలుగుంటే కారే మేలు. నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు, జాతీయ రహదారి 16 మీద. హైవే మీద ఇబ్బంది లేదు కానీ, మద్రాసు ఊళ్లోకి అడుగుపెట్టాక ట్రాఫిక్కుకు గంట, గంటన్నర అదనంగా చేతిలో పెట్టుకోండి. సామాను తక్కువైతే రైల్లో సెంట్రల్లో దిగి, సబ్‌వే గుండా మెట్రో స్టేషనుకు పోయి ఎయిర్‌పోర్టుకు నేరుగా పోవచ్చు. మెట్రో రాత్రంతా నడవదు, అర్ధరాత్రి విమానమైతే సాయంత్రమే చేరుకునేలా చూసుకోండి.

మన ఏటీఎం కార్డు అక్కడ రైల్లో పనిచేస్తుందా?

ఎక్కువమంది అడిగేది ఇదే. చాలా కార్డులు పనిచేస్తాయి, కానీ నాలుగు సంగతులు చూసుకోవాలి. కార్డు మీద వీసా లేదా మాస్టర్‌కార్డ్ అని ఉండాలి. మన పెన్షన్ ఖాతాలకు ఇచ్చే రూపే కార్డును నమ్ముకుని పోవద్దు. కార్డు మీద పక్కకు తిరిగిన వైఫై బొమ్మలా నాలుగు గీతలు ఉండాలి. అవి ఉంటేనే తాకిస్తే పనిచేస్తుంది. మూడోది చాలామంది మర్చిపోయేది. 2020లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధనల వల్ల కొత్తగా ఇచ్చే కార్డులు మామూలుగా మన దేశంలోనే పనిచేస్తాయి. విదేశాల్లో వాడకాన్ని, ట్యాప్ సౌకర్యాన్ని మీరే బ్యాంకు యాప్‌లోకి పోయి ఆన్ చేసుకోవాలి. యాప్ రాకపోతే బయల్దేరే వారం ముందే బ్రాంచికి పోయి చేయించుకోండి. అక్కడ దిగాక ఫోన్లో కస్టమర్ కేరుతో పోరాడటం కంటే ఇక్కడ లైన్లో నిలబడటం నయం.

నాలుగోది ఖర్చు. విదేశీ కార్డు వాడిన రోజుకు అక్కడివాళ్లు కొంత రుసుము వేస్తారు, మన బ్యాంకు దాని వంతు అది తీసుకుంటుంది. రెండు మూడు రోజులుండి వచ్చేసేవాళ్లకు ఇది లెక్కలోది కాదు. నెల ఉండేవాళ్లు మాత్రం అక్కడి ఈజీ-లింక్ కార్డు కొనుక్కోవడమే మంచిది. స్టేషన్లలోనూ చిన్న దుకాణాల్లోనూ దొరుకుతుంది. కార్డు ఖరీదు పోను మిగతాది ప్రయాణానికి వాడుకోవచ్చు, అయిపోతే మళ్లీ డబ్బు వేసుకోవచ్చు.

ఫోన్‌పే కొడితే సరిపోదా?

రైలు, బస్సు దగ్గర సరిపోదు. మన యూపీఐ అక్కడి గేట్ల మీద నడవదు.

ఫోన్లో ఏమేం పెట్టుకోవాలి?

గూగుల్ మ్యాప్స్ ఒక్కటి చాలు. బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో, ఏ ఎగ్జిట్ గుండా బయటికి రావాలో కూడా చెప్తుంది. అంతకంటే విలువైంది మీ పిల్లల ఇంటి ఆరు అంకెల పిన్ కోడ్. మన దగ్గర పిన్ కోడ్ అంటే ఒక ప్రాంతమంతటికీ ఒకటి. అక్కడ దాదాపు ఒక్కో బిల్డింగుకు ఒకటి. మ్యాప్‌లో ఆ ఆరు అంకెలు కొడితే నేరుగా మీ బ్లాకు ముందుకే తీసుకుపోతుంది. దాన్నీ, బ్లాకు నంబరునూ, పిల్లల ఫోను నంబరునూ ఒక కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా చెరొకటి పెట్టుకోండి. ఫోన్ ఛార్జింగు అయిపోయిన రోజు ఆ కాగితమే దిక్కు.

## దిగిన రోజు

చాంగీ ఎయిర్‌పోర్టులో దిగినాక అల్లుడు రాలేకపోతే ఇంటికి ఎట్టా పోవాలి?

రైలు స్టేషన్ ఎయిర్‌పోర్టు లోపలే, 2, 3 టెర్మినళ్ల దగ్గర భూమి కింద ఉంది. ఆకుపచ్చ లైను శాఖ అది. ఊళ్లోకి పోవాలంటే తనా మేరాలో రైలు మారాలి. 36 నంబరు బస్సు కూడా ఊళ్లోకి పోతుంది. ఇదంతా చేతి సంచితో వచ్చేవాళ్లకు. ఇద్దరికీ కలిపి నాలుగు పెట్టెలు, పైన మామిడికాయ ఆవకాయ డబ్బాలు, రాత్రంతా నిద్ర లేదు. అట్టాంటప్పుడు రైలు పౌరుషం ఎందుకు? టాక్సీ స్టాండ్ లైన్లో నిలబడి ఎక్కేయండి. రైలు రేపు కూడా ఉంటుంది.

ఒక సంగతి: అక్కడ టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. మీ వాచీలో నాలుగైతే అక్కడ ఆరున్నర. పిల్లలకు ఫోన్ చేసేటప్పుడు, రైలు వేళలు చూసుకునేటప్పుడు గుర్తుంచుకోండి.

టాక్సీవాళ్లతో బేరం ఆడాలా? ఎక్కువ గుంజుతారా?

బేరం లేదు, మీటరే. అయితే మీటరు మీద కొన్ని కలుస్తాయి, అవి చూసి మోసమనుకోవద్దు. ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కితే అదనం, రద్దీ వేళల్లో పావు వంతు అదనం, అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా సగం అదనం. కొన్ని రోడ్ల మీద టోలు కూడా దానంతట అదే పడుతుంది. గ్రాబ్ లాంటి యాప్‌లలో అయితే రేటు ముందే కనపడుతుంది. వానొస్తే ఆ రేటు అమాంతం పెరుగుతుంది. పది నిమిషాలు ఆగి చూడండి, అక్కడి వాన చాలాసార్లు గంట సేపే.

కారులో మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చా?

గ్రాబ్ లాంటి యాప్ కార్లలో కుదరదు. 1.35 మీటర్ల లోపు ఎత్తు పిల్లలకు తగిన సీటు తప్పనిసరి. మామూలు టాక్సీలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి చిన్నపిల్లలతో ఉంటే టాక్సీ చూసుకోండి. వెనక సీట్లో పెద్దవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి.

## రైల్లో

ఒక కార్డుతో ఇద్దరం పోవచ్చా?

కుదరదు. మనిషికొక కార్డు. మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. ఆయన పర్సు తీసి ట్యాప్ చేస్తాడు, తలుపు తెరుచుకుంటుంది, ఆయన అవతలికి పోతాడు. ఆమె కార్డు కూడా ఆయన పర్సులోనే ఉంటుంది. ఇవతల ఆమె, అవతల ఆయన, మధ్యలో మూసుకున్న గేటు, వెనక ఆఫీసుకు పోయేవాళ్ల లైను. ఎవరి కార్డు వాళ్ల చేతిలోనే ఉండాలి.

ఇంకొకటి, పర్సులో రెండు మూడు కార్డులుంటే పర్సుతో ట్యాప్ చేయొద్దు. మిషను ఏ కార్డును పట్టుకుంటుందో చెప్పలేం. లోపలికి పోయేటప్పుడు ఒకటి, బయటికొచ్చేటప్పుడు ఇంకొకటి చదివిందంటే రెండింటి మీదా డబ్బు పోతుంది. ఏ కార్డుతో లోపలికి పోయారో దానితోనే బయటికి రావాలి. ఫోన్లో ఉన్న కార్డు, చేతిలో ఉన్న కార్డు ఒకే బ్యాంకువైనా మిషనుకు రెండూ వేరు వేరే.

ఏ వైపు రైలు ఎక్కాలో ఎట్టా తెలుస్తుంది?

చివరి స్టేషన్ పేరు చూసి. చాలా స్టేషన్లలో ఒకే ప్లాట్‌ఫారానికి ఒక పక్క పోయే రైలు, ఇంకో పక్క వచ్చే రైలు ఆగుతాయి. ఆకుపచ్చ లైను ఒక కొస పాసిర్ రిస్, ఇంకో కొస టువాస్ లింక్. ఊదా లైను ఒక కొస హార్బర్‌ఫ్రంట్, ఇంకో కొస పుంగోల్ కోస్ట్. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న లైను రెండు కొసల పేర్లు మొదటి రోజే నేర్చుకోండి, మిగతా లైన్లు పోను పోను అవే వస్తాయి.

మా స్టేషన్ దాటిపోయిందంటే?

తర్వాతి స్టేషనులో దిగండి, గేటు బయటికి మాత్రం పోవద్దు. లోపలే అవతలి వైపు రైలెక్కి వెనక్కి రండి. ఛార్జీ మీరు ఎక్కడ లోపలికి పోయి ఎక్కడ బయటికి వచ్చారనే దాన్ని బట్టే పడుతుంది.

స్టేషనులో దిగాం. బయటికొస్తే ఎక్కడున్నామో తెలియడం లేదు!

ఎగ్జిట్ తప్పి ఉంటారు. ఒక్కో స్టేషనుకు అరడజను దారులు కూడా ఉంటాయి. పాత స్టేషన్లలో వాటికి ఏ, బీ, సీ అని అక్షరాలు, కొత్తవాటిలో 1, 2, 3 అని అంకెలు. తప్పు దారిలో పైకొస్తే పెద్ద రోడ్డుకు అవతలి వైపు తేలతారు. ట్రంకు రోడ్డులో చెయ్యి అడ్డం పెట్టి దాటినట్టు అక్కడ దాటకూడదు, జరిమానా పడుతుంది. సిగ్నల్ స్తంభానికి ఉన్న బటన్ నొక్కి, ఆకుపచ్చ మనిషి బొమ్మ వెలిగాకే కదలాలి. అంతకంటే గేటు దాటకముందే గోడ మీది పటం దగ్గర ఒక నిమిషం నిలబడటం మేలు.

రైల్లో నీళ్లు కూడా తాగకూడదంట, నిజమేనా?

నిజమే. తినడం, తాగడం రెండూ నిషేధం. 500 సింగపూరు డాలర్ల దాకా జరిమానా అని బోర్డు మీదే రాసి ఉంటుంది. పొగ తాగితే 1,000. డురియన్ అనే పండును లోపలికే రానివ్వరు, దాని వాసన అట్టాంటిది. షుగరు ఉన్నవాళ్లు ఇల్లు కదిలేముందే ఏదన్నా తిని బయల్దేరండి. ఒంట్లో నిజంగా బాగాలేకపోతే స్టేషన్ సిబ్బందికి చెప్పండి, చూసుకుంటారు.

మాకు అరవై దాటింది. టికెట్టులో తగ్గింపు ఉందా?

లేదు. ఆ రాయితీ అక్కడి పౌరులకూ శాశ్వత నివాసులకే. పిల్లల్లో 90 సెంటీమీటర్ల లోపు ఎత్తువాళ్లు పెద్దవాళ్లతో ఉచితంగా పోవచ్చు. మనలాంటి తెల్లారగట్ల లేచేవాళ్లకు ఒక లాభం ఉంది. వారపు రోజుల్లో ఉదయం 7.45 లోపు స్టేషనులో ట్యాప్ చేసి లోపలికి పోతే 50 సెంట్ల దాకా తగ్గుతుంది. ఆ వేళకు రైల్లో కూర్చోవడానికి సీటు కూడా దొరుకుతుంది. ఎనిమిది దాటితే నిలబడటానికే చోటుండదు.

మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కలేను.

అన్ని స్టేషన్లలోనూ లిఫ్టు ఉంది, వీల్‌ఛెయిర్ గుర్తు చూసుకుంటూ పోండి. రైల్లో తలుపుల పక్కనున్న సీట్లు పెద్దవాళ్ల కోసమే, మొహమాటపడొద్దు. ఎస్కలేటరు మీద ఎడమవైపు నిలబడి కుడివైపు వదలాలి, పరిగెత్తేవాళ్లకు. అసలు ఇబ్బంది మెట్లు కాదు, నడక. పెద్ద స్టేషన్లలో ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారడానికే చాలా దూరం నడవాలి. మోకాళ్లు బాగా పీకేవాళ్లు రైలు మానేసి ఇంటి ముందు ఎక్కి గుడి ముందు దిగే బస్సు ఉందేమో చూసుకోండి. అరగంట ఎక్కువ పట్టినా నష్టమేముంది?

## బస్సులో

స్టాపులో నిలబడే ఉన్నాం, బస్సు ఆపకుండా పోయింది. ఎందుకు?

చెయ్యి చూపలేదు కాబట్టి. ఒకే స్టాపులో పది నంబర్ల బస్సులు వస్తాయి, ఎవరు ఏది ఎక్కుతారో డ్రైవరుకు తెలియదు. మీ నంబరు దూరంగా కనపడగానే చెయ్యి చాపండి. ముందు తలుపు నుంచే ఎక్కాలి. దిగాల్సిన స్టాపుకు ముందు స్తంభం మీది ఎర్ర బటన్ నొక్కాలి.

దిగేటప్పుడు కార్డు ట్యాప్ చేయడం మర్చిపోతే ఏమవుతుంది?

ఆ బస్సు చివరి స్టాపు దాకా పోయినట్టు లెక్క కట్టి డబ్బు తీసుకుంటుంది. ఎక్కేటప్పుడు అందరూ ట్యాప్ చేస్తారు. దిగేటప్పుడే మర్చిపోతారు, ఎందుకంటే ఆర్టీసీ బస్సులో దిగేటప్పుడు మనకు పనేమీ ఉండదు. ఇద్దరిలో ఒకరు గుర్తుచేసే బాధ్యత తీసుకోండి.

నోట్లిచ్చి కూడా ఎక్కొచ్చు కానీ ఛార్జీ ఎక్కువ, చిల్లర తిరిగివ్వరు.

స్టాపుల పేర్లు విచిత్రంగా ఉన్నాయి. ఎట్టా గుర్తుపట్టాలి?

పేరు ముందు "ఆప్" అని ఉంటే ఎదురుగా, "బిఫ్" అంటే దానికి ముందు, "ఆఫ్ట్" అంటే దాని తర్వాత, "బ్లాక్" అంటే ఫ్లాట్ల బిల్డింగు. పోయేటప్పుడు ఒక స్టాపు, వచ్చేటప్పుడు రోడ్డుకు ఇటువైపు దానికి జతైన ఇంకో స్టాపు. ప్రతి స్టాపుకూ అయిదంకెల నంబరు ఉంది. ఇంటి దగ్గర స్టాపులు రెండింటి బోర్డులూ ఫోటో తీసి పెట్టుకోండి.

రెండు బస్సులు మారితే రెండు టికెట్లా?

కాదు. ఒకటి దిగిన 45 నిమిషాల్లో ఇంకొకటి ఎక్కితే, మొత్తం రెండు గంటల్లోపు అయితే, అదంతా ఒకే ప్రయాణం కింద దూరాన్ని బట్టి లెక్కిస్తారు. బస్సు నుంచి రైలుకు మారినా అంతే. వెంటనే అదే నంబరు బస్సు మళ్లీ ఎక్కితే మాత్రం కొత్త టికెట్టే. కార్డుతో ఛార్జీ 1 డాలరు చిల్లరతో మొదలవుతుంది, మామూలు రైలు, బస్సుల్లో ఎంత దూరం పోయినా 3 డాలర్లు దాటదు. ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చి చూసుకుంటూ కూర్చుంటే గడప దాటలేరు. టూరిస్టు పాసు అని ఒకటి ఉంది, రోజంతా ఎన్నిసార్లైనా తిరగొచ్చు. రెండు రోజుల్లో ఊరంతా చుట్టేసేవాళ్లకే అది గిట్టుబాటు.

## ఎక్కడెక్కడికి

పిల్లల సాయం లేకుండా మొదట ఎక్కడికి పోవాలి?

ఊదా లైను ఎక్కండి. మన పనులన్నీ దాని మీదే అవుతాయి. ఫారర్ పార్క్‌లో దిగితే సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి, దగ్గర్లోనే ముస్తఫా సెంటర్ అనే పెద్ద దుకాణం. తర్వాతి స్టేషన్ లిటిల్ ఇండియా. అక్కడ వీరమాకాళి అమ్మన్ గుడి, టెక్కా మార్కెట్. కరివేపాకు, మునక్కాయలు, మంచి చేపలు అక్కడ చూసుకోవచ్చు. చేపలు కొంటే రెండు కవర్లు వేయించుకోండి, రైల్లో నీళ్లు కారితే బాగుండదు. అదే లైనులో ముందుకు పోతే చైనాటౌన్. అక్కడి మారియమ్మన్ గుడి 1827 నాటిది, సింగపూరులోకెల్లా పాత హిందూ దేవాలయం. గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున్నే పోవడం మంచిది. ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియాలో కాలు పెట్టే సందుండదు.

జంతుప్రదర్శనశాల, సెంటోసా దీవి మేమే పోగలమా?

పోవచ్చు. జూకు ఎర్ర లైనులో ఆంగ్ మో కియోలో దిగి 138 బస్సు ఎక్కాలి. సెంటోసాకు ఊదా లైను చివర హార్బర్‌ఫ్రంట్‌లో దిగాలి. అక్కడి నుంచి లోపలికి మోనోరైలు ఉంది, నడక దారి కూడా ఉంది. ఆ నడక దారికి టికెట్ లేదు. గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోటకు బేఫ్రంట్ స్టేషన్. సాయంత్రం అక్కడి సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాలు) దగ్గర దీపాల ప్రదర్శన ఉచితం.

పక్కనే మలేసియా కదా, బస్సులో పోయి రావచ్చా?

వుడ్‌ల్యాండ్స్ నుంచి 950 బస్సు జోహోర్ బారుకు పోతుంది. సింగపూరు చెక్‌పోస్టులో దిగి పాస్‌పోర్టు చూపించాలి, మళ్లీ అదే నంబరు బస్సు ఎక్కి వంతెన దాటాలి, అవతల మళ్లీ దిగాలి. మీరు దిగిన బస్సు మీ కోసం ఆగదు, కాబట్టి సామాను బస్సులో వదలకండి. ముందుగా చూసుకోవాల్సింది సింగపూరు వీసా. దాని మీద రెండోసారి లోపలికి రావడానికి వీలుందో లేదో పిల్లలతో సరిచూపించుకోండి. అవతలికి పోవడం తేలికే, తిరిగి రానివ్వకపోతేనే కష్టం. శని, ఆదివారాల్లో మాత్రం వద్దు, ఆ లైన్లలో నిలబడితే పండగ రోజు మద్రాసు బస్టాండు నయమనిపిస్తుంది.

## తిరుగు ప్రయాణం

రాత్రి విమానం. రైల్లో చాంగీకి పోవచ్చా?

రైళ్లు సుమారు ఉదయం అయిదున్నర నుంచి అర్ధరాత్రి దాకా. చాంగీకి చివరి రైలు అంతకంటే ముందే వెళ్లిపోవచ్చు, తనా మేరాలో మారాల్సి ఉంటుంది కూడా. రాత్రి పదిలోపు బయల్దేరేటట్టయితే రైలు, దాటితే టాక్సీ.

కార్డులో డబ్బు మిగిలిపోయింది. తీసుకోవచ్చా?

ఈజీ-లింక్‌లో మిగిలింది స్టేషన్ టికెట్ ఆఫీసులో అడిగి తీసుకోవచ్చు, కార్డు ఖరీదు తిరిగి రాదు. మళ్లీ పోయే ఆలోచన ఉంటే కార్డు పిల్లల దగ్గరే ఉంచండి.

తెల్లారగట్ల మద్రాసులో దిగితే నెల్లూరుకు ఎట్టా?

పొద్దున అయిదు ప్రాంతంలో మెట్రో మొదలవుతుంది. సెంట్రల్ దాకా పోతే నెల్లూరు వైపు రైళ్లు ఉంటాయి, టికెట్ ముందే తీసి పెట్టుకోండి. బస్సుకైతే కోయంబేడు పోవద్దు. నెల్లూరు బస్సులు ఇప్పుడు మాధవరం నుంచి బయల్దేరుతున్నాయి. అక్కడికి ఎయిర్‌పోర్టు నుంచి ఆటో కంటే టాక్సీనే నయం, దూరం ఎక్కువ.